పాము రోజున సంత

పోయిన ఆదివారం ఉన్నచోట ఈ ఆదివారం ఉండదు. ఏడు రోజుల వారాన్ని నమ్ముకుని వెళ్లినవాళ్లకు దొరకదు. వియత్నాం కొండల్లో వెనక్కి నడిచే సంతల వెంట ఓ ప్రయాణం.

వియత్నాం ఉత్తర కొసన, చైనా సరిహద్దు పక్కనే, సా ఫిన్ అని ఓ చిన్న ఊరుంది. చుట్టూ నల్లటి సున్నపురాయి కొండలు, వాటి సందుల్లో మొక్కజొన్న. పోయిన ఆదివారం అక్కడి సంతలో ఎవరో తీసిన ఫొటోలు చూసి, హనోయిలో బస్సెక్కి, మెలికల ఘాట్ రోడ్డులో ఒళ్లు హూనం చేసుకుని, సరిగ్గా ఆదివారం పొద్దున్నే అక్కడ దిగే యాత్రికుల సంగతి ముందు చెప్పుకోవాలి. మైదానం ఉంటుంది. సంత ఉండదు. నాలుగు కోళ్లు చెత్త కెలుకుతుంటాయి. ఎదురైనవాళ్లను సైగలతో అడిగితే ‘నిన్ననే అయిపోయిందిగా’ అన్నట్టు చెయ్యి వెనక్కి ఊపుతారు.

ఫొటోలు అబద్ధమేం కాదు. పోయిన ఆదివారం అక్కడ సంత జరిగిన మాట నిజం. ఈ వారం అది శనివారానికి వచ్చింది. పై వారం శుక్రవారం. ఆ తర్వాత గురువారం. అలా వారానికో రోజు వెనక్కి జరుగుతూ పోతుంది. వియత్నామీయులు దీన్ని ‘చో లుయ్’ అంటారు. చో అంటే సంత, లుయ్ అంటే వెనక్కి తగ్గడం.

నిజానికి సంత ఎక్కడికీ తగ్గడం లేదు. తన లెక్క ప్రకారం అది నిక్కచ్చిగానే వస్తోంది. తేడా మన క్యాలెండర్లో ఉంది. ఇక్కడ రోజులకు పన్నెండు జంతువుల పేర్లు. ఎలుక, గేదె, పులి, పిల్లి, డ్రాగన్, పాము, గుర్రం, మేక, కోతి, కోడి, కుక్క, పంది. పంది రోజు అయిపోగానే మళ్లీ ఎలుక. సా ఫిన్ సంత పాము రోజున, పంది రోజున. పక్కనున్న ఫో కావ్ సంత డ్రాగన్, కుక్క రోజుల్లో. లుంగ్ ఫిన్‌లో పులి, కోతి రోజుల్లో. లెక్కేస్తే ప్రతి ఊరికీ ఆరు రోజులకోసారి సంత వస్తుంది. ఈ మూడు ఊళ్లలో ఏ రెంటి సంతలూ ఒకే రోజున పడవు. ఫో కావ్‌లో బట్టలమ్మిన మనిషి రాత్రికి మూట కట్టుకుని మర్నాడు సా ఫిన్‌లో పరుచుకోవచ్చు. మధ్యలో రెండు రోజులు ఊపిరి పీల్చుకుని లుంగ్ ఫిన్ వెళ్లొచ్చు.

ఆదివారం పూట సా ఫిన్‌లో దిగాలుగా నిలబడ్డ మనిషిని ఊరివాళ్లు అలా వదిలెయ్యరు. ‘డోంగ్ వాన్, డోంగ్ వాన్’ అని రోడ్డు వైపు చూపిస్తారు. డోంగ్ వాన్ పెద్ద ఊరు, పదిహేను కిలోమీటర్ల దూరం. అక్కడి సంత మాత్రం ప్రతి ఆదివారం. మెయో వాక్‌లోనూ అంతే. ఆఫీసులు, బళ్లు, బ్యాంకులు ఉన్నచోట సంత కూడా ఆదివారం సెలవుకు అలవాటు పడింది. అవి లేనిచోట పాములు, పందులు, కోతుల లెక్కే నడుస్తోంది.

కుక్క వీధిలో కుక్కలమ్మరు

ఈ జంతువుల లెక్క సరిహద్దు దాటినా కనిపిస్తుంది. చైనాలోని యునాన్ రాష్ట్రంలో మాజియే, యాంగ్‌జియే, గోజియే అనే పేర్లతో ఎన్నో ఊళ్లున్నాయి. గుర్రం వీధి, గొర్రె వీధి, కుక్క వీధి అని అర్థం. కొత్తవాళ్లు కుక్క వీధి పేరు విని కుక్కల సంతేమో అనుకుంటారు. అది కుక్క రోజున సంత జరిగే వీధి. అంతే. ఊరు పుట్టకముందే అక్కడ సంత ఉండి ఉంటుంది, పేరు మిగిలిపోయింది. ఈ మాట మనవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. సంతబొమ్మాళి, సంతకవిటి, సంతనూతలపాడు, సంతమాగులూరు పేర్లు పలికేవాళ్లం కదా!

విలియం స్కిన్నర్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1949లో సిచువాన్ పల్లెల్లో మకాం పెట్టి ఇలాంటి సంతల మీదే పరిశోధన చేశారు. దాని ఫలితాన్ని 1964, 65ల్లో ప్రచురించారు. చైనా రైతు ప్రపంచం అతని ఊరితో ఆగిపోదనీ, ఒకే సంతకు వచ్చే ఊళ్లన్నీ కలిపి ఒక ప్రపంచమనీ ఆయన వాదన. అలాంటి సంతకు ఉరమరగా పద్దెనిమిది ఊళ్లు. అప్పులు, పంచాయితీలు, పెళ్లి సంబంధాలు అన్నీ ఆ పరిధిలోనే తేలేవి. సంత రోజున టీ కొట్లో కూర్చునే రైతుకు యాభై ఏళ్లొచ్చేసరికి ఆ పద్దెనిమిది ఊళ్ల పెద్దవాళ్లలో దాదాపు అందరూ ముఖపరిచయమే.

డోంగ్ వాన్ వైపు జనం కూడా సంతకు ‘వెళ్లడం’ అనరు, ‘ఆడుకోవడానికి వెళ్లడం’ అంటారు. వియత్నామీస్‌లో ‘చోయ్ చో’. అమ్మేది ఓ కోడిపెట్టే కావచ్చు. దాన్ని చంకలో పెట్టుకుని మూడు గంటలు కొండ దిగుతారు. అమ్ముడుపోతే ఉప్పూ నూనే కొంటారు. పోకపోతే ఆ కోడితోనే తిరిగి కొండెక్కుతారు. రోజు వృథా అయిందని ఎవరూ అనుకోరు.

చంకలో పట్టే పంది

సంతను తీరుబడిగా చూడాలంటే పడమటగా లావ్ కాయ్ వైపు వెళ్లాలి. అక్కడ బాక్ హాలో ఆదివారం, కాన్ కౌలో శనివారం పెద్ద సంతలు జరుగుతాయి. రెంటికీ మధ్య దూరం సుమారు ఇరవై కిలోమీటర్లే. జంతువుల లెక్కతో పనిలేదు కాబట్టి యాత్రికులు ఎక్కువగా వచ్చేదీ వీటికే.

బాక్ హా సంతలో మొదట పలకరించేది రంగు. ఇక్కడి మోంగ్ తెగ ఆడవాళ్లను ‘పూల మోంగ్’ అంటారు. లెక్కలేనన్ని కుచ్చుల లంగా, భుజాల మీద కుట్టుపని చేసిన రవికె, మోకాళ్ల కింద పిక్కలకు చుట్టిన గుడ్డ, తలకు గళ్ల రుమాలు. ఆకుపచ్చ, గులాబీ, నారింజ, నీలం అన్నీ ఒకే మనిషి మీద ఉంటాయి. అలాంటివాళ్లు వందలమంది ఒకేచోట కూర్చుని మిరపకాయలు, అల్లం, అడవి పుట్టగొడుగులు, తేనెపట్టు ముక్కలు, ధూపం కడ్డీలు పరుచుకుంటే ఎక్కడ చూపు నిలపాలో తెలియదు. కెమెరాలున్నవాళ్లకు ఇంకా కష్టం.

రంగుల్నుంచి బయటపడ్డాక చెవులకు పంది పిల్లల గోల అందుతుంది. ఈ కొండల్లో పెరిగే నల్లటి చిన్నజాతి పందికి వియత్నాంలో ముద్దుపేరు ఒకటుంది, ‘లోన్ కాప్ నాక్’. చంకలో ఇరికించుకునే పంది అని. కొన్నవాళ్లు నిజంగా అలాగే తీసుకెళ్తారు. వెదురుబద్దలతో కట్టినవీ, గోనెసంచిలోంచి మూతి మాత్రం బయటపెట్టినవీ, మోటారుసైకిలు వెనక వెదురుబుట్టలో ఇరుకున్నవీ కనిపిస్తాయి. పదడుగుల దూరంలో పక్షుల పంజరాలు. పాటపాడే పిట్టను కొనే మగవాళ్లు గంటసేపు విని గానీ బేరానికి దిగరు.

కాన్ కౌది మరో తరహా. అది గేదెల సంత. కొండవాలున మట్టి మైదానంలో కొమ్ములు తిరిగిన గేదెలు, దున్నపోతులు, ముక్కుతాళ్లు పట్టుకుని నిలబడ్డ మగవాళ్లు. పల్లపు జిల్లాల నుంచీ బేరగాళ్లు వస్తారు. కొనేవాడు ముందు జంతువును దూరం నుంచి చూస్తాడు. తర్వాత నడిపిస్తాడు. గిట్టలు, పళ్లు, తోక, కొమ్ముల మధ్య ఎడం. ఆపైన ఒంటి మీద సుడులు వెతుకుతాడు. సుడి ఎక్కడుంటే కలిసొస్తుంది, ఎక్కడుంటే ఇంటికి అరిష్టం అన్న శాస్త్రం వియత్నాంలోనూ ఉంది. మన పశువుల సంతల్లో తిరిగిన పెద్దాయన ఎవరైనా అక్కడికి వెళ్తే భాష రాకపోయినా బేరం మొత్తం అర్థమైపోతుంది.

మంచి దున్నపోతు ధర కోట్లలో పలుకుతుంది. కంగారు పడక్కర్లేదు, అవి డాంగ్‌లు. రూపాయికి సుమారు 300 డాంగ్‌లు. చిల్లర లెక్కకు అలవాటు పడటానికే యాత్రికులకు రెండు రోజులు పడుతుంది. అక్కడివాళ్లు పైగా వేలను మింగేస్తారు. ‘యాభై’ అంటే యాభై వేలన్నమాట. యాభై డాంగ్‌లకే కుట్టుపని సంచి వస్తోందని సంబరపడి, ఇచ్చేటప్పుడు నాలిక్కరుచుకోవడం అందరికీ అయ్యేదే.

పొద్దు పైకొచ్చేసరికి జనమంతా పొగ వచ్చే వైపు కదులుతారు. అక్కడ పెద్ద పెద్ద మూకుళ్లలో ‘థాంగ్ కో’ ఉడుకుతుంటుంది. గుర్రం మాంసం, పేగులు, కాలేయం, గుండె, ఎముకలు అన్నీ ఏలకుల్లాంటి దినుసులతో గంటల తరబడి మరిగిన పులుసు. వాసన ఘాటు. బయటివాళ్లలో సగంమంది మూకుడు దాకా వచ్చి వెనక్కి తిరుగుతారు. మిగతా సగం కళ్లు మూసుకుని ఒక గిన్నె తాగి, జీవితాంతం చెప్పుకుంటారు. దానికి తోడు ‘మెన్ మెన్’. మొక్కజొన్నలు తిరగట్లో విసిరి, ఆ రవ్వను రెండుసార్లు ఆవిరి మీద ఉడికించిన వంటకం. డోంగ్ వాన్ వైపు రాళ్లే తప్ప నేల లేదు. రాతి గుంటల్లోకి మట్టి మోసుకొచ్చి పోసి, గుంటకు రెండు మూడు గింజలు నాటి పండించిన మొక్కజొన్నలవి. వరి అన్నం అక్కడ పండగ భోజనం. మనదగ్గర జొన్న సంకటి తిని పెరిగినవాళ్లకు మెన్ మెన్ గొంతు దిగడం కష్టమేం కాదు.

మొక్కజొన్న సారా సంగతి చెప్పకపోతే సంత పూర్తికాదు. ప్లాస్టిక్ డబ్బాల్లో తెచ్చి చిన్న గిన్నెల్లో రుచికి పోస్తారు. కొనేముందు రుచి చూడటం కొనేవాడి హక్కు. ఆ హక్కును కొందరు డబ్బా డబ్బాకీ వినియోగించుకుంటారు. మధ్యాహ్నానికి దారి పక్కన గడ్డిలో వెల్లకిలా పడుకున్న మగవాళ్లు, పక్కనే గొడుగు పట్టుకుని, మెలకువ వచ్చేదాకా ఓపిగ్గా కూర్చున్న భార్యలు. ఈ దృశ్యాన్ని చాలామంది ‘ఎంత ప్రేమో’ అని రాశారు. ఆమెను ఎవరైనా అడిగి రాశారో లేదో!

కొనేదీ అమ్మేదీ లేని సంత

అసలు ఏ సరుకూ లేని సంత కూడా ఒకటుంది. మెయో వాక్ దగ్గర ఖౌ వాయ్‌లో ఏడాదికోసారి, చాంద్రమానం ప్రకారం మూడో నెల ఇరవై ఏడో తేదీన జరుగుతుంది. వేర్వేరు తెగలకు చెందిన ఓ అబ్బాయి, ఓ అమ్మాయి ప్రేమించుకున్నారట. వాళ్ల కోసం రెండు తెగలూ కత్తులు దూసుకుంటే, రక్తం చిందకూడదని ఇద్దరూ విడిపోయారట. ఏడాదికి ఒక్క రోజు, ఇదే చోట, ఇదే తేదీన కలుసుకోవాలని మాట ఇచ్చుకున్నారట. ఆ ఆనవాయితీ ప్రకారం పెళ్లిళ్లయి, పిల్లలు పుట్టి, జుట్టు నెరిసిన పాత ప్రేమికులు ఆ రోజు కలుసుకుని కబుర్లు చెప్పుకుంటారు. భార్యాభర్తలు కలిసే వస్తారు. మైదానం దాకా వచ్చాక ఆమె తన పాత స్నేహితుణ్ని వెతుక్కుంటూ అటు, ఆయన ఇటు. ఆ ఒక్కరోజు అసూయకు చోటు లేదు. సాయంత్రం మళ్లీ ఒకే దారిన ఇంటికి.

ఇప్పుడక్కడ వేదిక, మైకులు, అధికారుల ప్రసంగాలు, ఫొటోలు తీసేవాళ్ల గుంపులు వచ్చిచేరాయి. పాత ప్రేమికులు అంత వెలుతురులో కూర్చుని ఏం మాట్లాడుకోగలరు? సంతను జాతరగా మార్చినప్పుడు ముందు పోయేది ఆ చీకటి మూలే.

ఆదివారం పేరులోనే బజారు

రోజుల పేర్లూ సంతలూ ముడిపడటం ఒక్క ఈ కొండలకే పరిమితం కాదు. నైజీరియాలో ఇగ్బోల పాత వారం నాలుగే రోజులు. ఎకె, ఒరియె, అఫో, ఎంక్వో. నాలుగూ సంత రోజుల పేర్లే. పుట్టిన సంత రోజును బట్టి పిల్లలకు పేరు పెట్టే అలవాటు కూడా ఉంది. చినువా అచెబె 1958లో ప్రచురించిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవల చదివినవాళ్లకు ఒకోంక్వో గుర్తుంటాడు. ఎంక్వో సంత నాడు పుట్టిన మగబిడ్డ అని ఆ పేరుకు అర్థం. జావా దీవిలో సంప్రదాయ వారం ఐదు రోజులు. లెగి, పహింగ్, పోన్, వగే, క్లివోన్. సోలో నగరంలో ‘పసార్ క్లివోన్’ అనే పేట ఇప్పటికీ ఉంది. క్లివోన్ రోజున జరిగే సంత అని దానర్థం. అక్కడ పసార్ అన్నా, మన దగ్గర బజారు అన్నా మూలం ఒకటే, పారశీకం.

అదే మాట పడమటికి ప్రయాణించి హంగరీ చేరింది. అక్కడ వాషార్ అయింది. హంగేరియన్లు ఆదివారాన్ని ‘వషార్నప్’ అంటారు, సంత రోజు అని. తుర్కియేలో ఆదివారం పేరు ‘పజార్’, అదీ బజారే. సోమవారం ‘పజార్‌తెసి’, అంటే బజారు మర్నాడు. సోమవారానికి సొంతపేరు కూడా దక్కలేదు పాపం.

గ్వాటెమాలాలోని చిచికాస్తెనాంగోలో గురు, ఆదివారాల్లో సంత. చర్చి మెట్ల మీద ధూపం వేస్తూ మాయా పూజారులు, మెట్ల కింద పూలమ్మే ఆడవాళ్లు, చుట్టూ వీధులన్నీ నేత బట్టలు. ఆ మెట్లు పద్దెనిమిది. మాయా పంచాంగంలో ఇరవై రోజుల నెలలు పద్దెనిమిదని, ఆ లెక్కకే ఇవని అక్కడ చెబుతారు. చూసే కన్నుంటే చాలా సంతలు పంచాంగాలే.

ఉప్పు నుంచి క్యూఆర్ కోడ్ దాకా

డోంగ్ వాన్ పీఠభూమికి రోడ్డు పడింది 1959, 65 మధ్య. హా జాంగ్ నుంచి మెయో వాక్ దాకా 185 కిలోమీటర్లు, చాలావరకు పలుగూ పారతో తవ్విందే. మా పి లెంగ్ కనుమ దగ్గర యువకులు తాళ్లు కట్టుకుని కొండకు వేలాడుతూ పదకొండు నెలలు రాయి తొలిచారు. ఆ రోడ్డుకు ‘ఆనందం’ అని పేరు పెట్టారు. అంతకుముందు ఉప్పు కోసం గుర్రాల మీద రోజుల తరబడి ప్రయాణం. సంత అంటే ముందు ఉప్పు, తర్వాతే మిగతావన్నీ.

ఆ రోడ్డు మీద ఇప్పుడు సరుకు అటూ ఇటూ నడుస్తోంది. మోంగ్ ఆడవాళ్లు జనపనార ఒలిచి, వడికి, నేసి, కరిగించిన తేనెమైనంతో గీతలు గీసి, నీలిమందులో పదేపదే ముంచి చేసే లంగాకు నెలలు పడుతుంది. దాని పక్క కొట్లోనే సరిహద్దు అవతలి ఫ్యాక్టరీల్లో అచ్చొత్తిన పాలియెస్టర్ లంగాలు వేలాడుతున్నాయి. అదే డిజైను, ఇంకా మెరుపెక్కువ, ధర చాలా తక్కువ. కొంటున్నది యాత్రికులు కాదు, మోంగ్ అమ్మాయిలే. వాషింగ్ మెషిన్ వచ్చాక మనం చేనేతను పక్కన పెట్టినట్టే వాళ్లూ పెడుతున్నారు. బయటి నుంచి వెళ్లినవాళ్లు ‘అయ్యో, సంప్రదాయం’ అని నిట్టూర్చడం కొంచెం వింతగా ఉంటుంది. ఆ నిట్టూర్చేవాళ్ల ఒంటి మీదున్నదీ పాలియెస్టరే.

సంత చిక్కిపోతోందని మాత్రం అనలేం. గుర్రాల స్థానంలో మోటారుసైకిళ్లు వచ్చాయి. కూరగాయల గంప ముందు క్యూఆర్ కోడ్ అట్టముక్క నిలబడింది. 2010లో ఈ పీఠభూమికి అంతర్జాతీయ జియోపార్క్ గుర్తింపు వచ్చాక జనం ఇంకా పెరిగారు. 2025 జులైలో ఈ పీఠభూమి ఉన్న హా జాంగ్ రాష్ట్రాన్నే తుయెన్ క్వాంగ్‌లో కలిపేశారు. మ్యాపులు మారాయి. పాము రోజు మారలేదు.

యాత్రికుడు చెయ్యగలిగింది ఏమైనా ఉందా అంటే, కొంత ఉంది. పొద్దున్నే ఆరింటికల్లా చేరాలి, పన్నెండు దాటితే మిగిలేది ఆకులు, తొక్కలే. ఫొటో తీసేముందు కళ్లతోనైనా అడగాలి. ఏదో ఒకటి కొనాలి, కనీసం ఓ అల్లం ముక్క. డబ్బులు చేతిలో పెట్టాక అదే మనిషి నవ్వు వేరుగా ఉంటుంది.

సా ఫిన్‌లో సంత తప్పిపోయిన మనిషి ఆదివారం డోంగ్ వాన్ చూసి, సోమవారం కొండలు తిరిగి, మంగళవారం కోతి రోజున చీకటితోనే లుంగ్ ఫిన్ చేరాడనుకోండి. మంచులోంచి ఒక్కొక్కరే దిగుతుంటారు. ఎనిమిదింటికి ఇసకేస్తే రాలదు. పదకొండుకు పలచబడుతుంది. ఒంటిగంటకు బట్టల కొట్టు ఆవిడ పట్టా మడిచి మూటగట్టి మోటారుసైకిలుకు బిగిస్తూ ఉంటుంది, గురువారం ఫో కావ్‌లో కుక్క రోజుంది మరి. ఇక్కడ మళ్లీ సంత ఎప్పుడని అడిగితే, పొడవాటి వెదురు గొట్టంలో పొగాకు పీలుస్తున్న ముసలాయన గొట్టం పక్కన పెట్టి అరచెయ్యి చాపుతాడు. నాలుగు వేళ్లు, వేలికి మూడు కణుపులు, మొత్తం పన్నెండు. బొటనవేలు ఒక్కో కణుపు మీద ఆనించుకుంటూ పోతాడు. కోడి, కుక్క, పంది, ఎలుక, గేదె. ఆరో కణుపు దగ్గర ఆగి తలెత్తి చూస్తాడు. పులి.

ఫోను తీసి చూస్తే అది సోమవారం. తిరుగు విమానం ఆదివారానికే ఉంది.